‘అట’ అనలేదు కద బిడ్డా!

మా బాపు ఫోన్‌లో పంపిన ఫొటోలో మూడే మూడు ఇంగ్లిష్ వాక్యాలున్నాయి. డాక్టర్ చేతిరాత. ఆఫీసులో పేజీలు పంపే సమయం. ఒక కన్ను కంప్యూటర్ మీద, ఇంకో కన్ను ఫోన్ మీద. దగ్గు తగ్గిందని మొదటి వాక్యం. ఊపిరితిత్తిలో నీడ ‘హార్డ్‌లీ రెడ్యూస్‌డ్’ అని రెండోది. రెండు వారాలకు మళ్లీ రమ్మని మూడోది. వెంటనే ఫోన్ చేశాను.

‘‘బాపూ, నీడ గట్టిగ తగ్గింది. ఫికర్ చెయ్యకు’’ అన్నాను.

అవతల బాపు తేలిగ్గా నవ్వడం వినిపించింది. ఆ సాయంత్రం భూపాలపల్లిలో మా ఇంట్లో కోడికూర వండారు.

హార్డ్ అంటే గట్టిగా. కానీ హార్డ్‌లీ అంటే గట్టిగా కాదు. దాదాపు లేదు అని. డాక్టర్ రాసిందేమిటంటే, నీడ తగ్గనే లేదని. గట్టిగ తగ్గిన జబ్బుకు మళ్లీ ఆసుపత్రి ఎందుకని బాపు రెండు వారాలకు పోలేదు. దగ్గు తిరగబెట్టాక, నెలన్నరకు పోయాడు. అప్పుడు చేసిన పరీక్షల్లో టీబీ అని తేలింది.

ఆ మాట నాకు తెలియందేం కాదు. డిప్లొమా చదివే రోజుల్లో గైడ్‌లో చూసి టిక్కు పెట్టుకున్నదే. కానీ ఖాళీలు పూరించడం వేరు, కన్నతండ్రి ఊపిరితిత్తుల గురించి రాసింది చదవడం వేరు. కన్ను ఒకటి చూసింది, మనసు తనకు కావలసింది చదువుకుంది.

గా... లీ... ఇంతేనా?

మాది జనగామ దగ్గర ఓ పల్లె. బాపు భూపాలపల్లిలో సింగరేణి కాకతీయ ఖనిలో మైనింగ్ సర్దార్‌గా పనిచేశాడు. చదువు పాడవుతుందని నన్ను నాయనమ్మ దగ్గర ఉంచాడు. అక్కను మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు ఇచ్చారు. అప్పట్లో ఈ మూడు ఊళ్లదీ ఒకటే జిల్లా, వరంగల్. 2016 అక్టోబర్ 11 తర్వాత మూడు జిల్లాలయ్యాయి. మా కుటుంబం మాత్రం మూడింట్లోనూ ఉండిపోయింది.

జనగామ బడిలో మా ఇంగ్లిష్ సార్ క్రియావిశేషణాలను ఒక్క గంటలో తేల్చేశారు. ‘‘తెలుగుల గా, ఇంగ్లిష్‌ల లీ. స్లో అంటే నెమ్మది. స్లోలీ అంటే నెమ్మదిగా. రాసుకోండి’’ అన్నారు. రాసుకున్నాం. ఆ సూత్రం చాలాదూరం నడిపించింది కూడా. క్విక్-క్విక్‌లీ, హ్యాపీ-హ్యాపీలీ... తోకలు తగిలించుకుంటూ పదో తరగతి దాటేశాం. ‘ఫాస్ట్’కు ఆ తోక అక్కర్లేదని, ‘లేట్’కు తోక తగిలిస్తే ‘ఆలస్యంగా’ కాస్తా ‘ఈమధ్య’ అయిపోతుందని ఎవరూ చెప్పలేదు. చెప్పినా మేం విన్నామో లేదో!

బాపుకు మందులు మొదలయ్యాక నేను చేసిన మొదటి పని, అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద ఓ పాత గ్రామర్ పుస్తకం కొనడం. అట్ట మీద ‘అప్పర్ ఇంటర్మీడియట్’ అని ఉంది. అదేదో ఇంటర్ రెండో సంవత్సరం అనుకునేరు. యూరప్ దేశాల మండలి 2001లో భాషలు నేర్చుకునేవాళ్లకు ఆరు మెట్ల కొలమానం ఒకటి ప్రచురించింది. ఏ1తో మొదలై సీ2తో పూర్తవుతుంది. అందులో నాలుగో మెట్టు బీ2. దాన్నే అప్పర్ ఇంటర్మీడియట్ అంటారు. కింది మెట్ల మీద పని జరిగిపోయేంత మాట్లాడటం వస్తే చాలు. ఈ మెట్టు మీద, చెప్పే విషయం మనకు ఎంతవరకు తెలుసో, అది మనకు ఎలా అనిపిస్తోందో కూడా చెప్పగలగాలి. ఆ పని చాలావరకు చేసేవి ఈ చిన్నచిన్న మాటలే.

మానుకోట వరండాలో...

పుస్తకం కొన్నంత సులువుగా చదువు రాదు కదా. మా అక్క ఇంటి పక్కనే ఓ రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ ఉంటారు. నెలకు రెండు ఆదివారాలు సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామ, కాజీపేట, వరంగల్ దాటి మానుకోటలో దిగేవాణ్ని. మిర్చి సీజన్. ఊళ్లో అడుగుపెట్టగానే ఘాటుకు తుమ్ములొచ్చేవి. సార్ వరండాలో నాతోపాటు మా అక్క కూతురూ కూర్చునేది. ప్రభుత్వ బడిలో చదువుతోంది. 2022-23 నుంచి రాష్ట్రంలో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది కాబట్టి దానికి అన్ని పాఠాలూ అందులోనే.

సార్ మొదటిరోజే నా చేతిలోని జాబితా తీసి పక్కన పెట్టారు. ‘‘మాటలు బట్టీ పట్టకు. ప్రతిదానికీ మన ఇంట్ల ఒక చుట్టం ఉంటది. దాన్ని వెతుకు’’ అన్నారు.

వెతకడం తోకలతోనే మొదలైంది. మన ‘గా’ ‘అగు’ అనే క్రియ నుంచి పుట్టింది. ఇంగ్లిష్ ‘లీ’ ఒకప్పుడు ‘ఒళ్లు, రూపం’ అనే అర్థమున్న మాట. ‘లైక్’ దాని చుట్టమే. తోక అనుకున్నది ఒకప్పుడు నిండు మాటన్నమాట!

నన్ను ముంచిన హార్డ్‌లీ సంగతి అడిగాను. పాతకాలంలో దానికీ ‘గట్టిగా, కఠినంగా’ అనే అర్థముండేదట. మెల్లగా ‘కష్టమ్మీద’ అయ్యింది. చివరికి ‘దాదాపు లేదు’ దగ్గర స్థిరపడింది. ‘‘ఇందుల వింతేముంది? మీటింగ్‌కు కష్టమ్మీద పదిమంది వచ్చిన్రంటే, కష్టపడి వచ్చిన్రనా?’’ అన్నారు సార్. నిజమే. పదిమంది కూడా గగనమైందని! చిన్నప్పటి నుంచీ నా నోట్లో నలుగుతున్న మాటే హార్డ్‌లీకి తోడబుట్టింది. ఆ ఒక్క వాక్యం ముందే తెలిసుంటే కోడికూర వండించేవాణ్ని కాదు.

ఆ తర్వాత ‘క్వైట్’. క్వైట్ గుడ్ అంటే చాలా బాగుందని నేననుకునేవాణ్ని. బ్రిటిష్ వాళ్ల నోట అది తరచూ ఓ మోస్తరు మెప్పు మాత్రమే. అదే క్వైట్ ఇంపాజిబుల్ అంటే మాత్రం బొత్తిగా కుదరదని. ఒకే మాట ఒకచోట తగ్గిస్తుంది, ఒకచోట పెంచుతుంది. ‘‘ఇదెక్కడి న్యాయం సార్?’’ అన్నాను. ఆయన లోపలికి వినిపించకుండా గొంతు తగ్గించి, ‘‘కూర బాగుంది అనడానికి, బాగానే ఉంది అనడానికి తేడా ఇంట్ల అడిగి చూడు’’ అన్నారు. అడగక్కర్లేదు, అనుభవమే! ‘బాగానే’లో ‘నే’ మెప్పును సగం కోసేస్తుంది. ‘ఇప్పుడే రా’లో అదే ‘ఏ’కారం మాటకు బలమిస్తుంది. మనం మాత్రం తక్కువ తిన్నామా?

‘ఓన్లీ’ దగ్గర మా మేనకోడలు నన్ను ఓడించింది. ‘నేను నిన్న జనగామలో టీ తాగాను’ అనే వాక్యం ఇచ్చారు సార్. నేనే తాగాను, నిన్ననే తాగాను, జనగామలోనే తాగాను, టీయే తాగాను... తెలుగులో ఏ మాట మీద బరువు పెట్టాలంటే దానికే ‘ఏ’ తగిలిస్తాం. రాతలో ఇంగ్లిష్ ఓన్లీ సాధారణంగా తాను పట్టుకునే మాటకు ముందు నిలబడుతుంది. మనమేమో తెలుగు అలవాటు కొద్దీ వెనక నిలబెట్టి ‘టుడే ఓన్లీ ఐ కేమ్’ అంటాం. అది నాలుగు వాక్యాలూ చకచకా రాసేసింది. నాకు రెండు తప్పులొచ్చాయి. ‘‘యాక్చువల్లీ ఈజీ మామా’’ అంది. ఆ యాక్చువల్లీని ఏ బడిలో నేర్చుకుందో గానీ, అతికినట్టు సరిపోయింది.

నా కత్తెరకు బలైనవి

చివరగా సార్ ఒక గుంపును బయటకు తీశారు. అపారెంట్‌లీ, ప్రిజ్యూమబ్లీ, అడ్మిటెడ్‌లీ, ఫ్రాంక్‌లీ. ఇవి పని ఎలా జరిగిందో చెప్పవు. చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో చెబుతాయి. కళ్లతో చూశాడా, ఎవరో చెబితే విన్నాడా, ఊహిస్తున్నాడా, ఇష్టం లేకపోయినా ఒప్పుకుంటున్నాడా అని. ‘ఆయన ఫ్రాంక్‌లీ మాట్లాడాడు’ అంటే దాపరికం లేకుండా మాట్లాడింది ఆయన. అదే మాటను తెచ్చి వాక్యం మొదట్లో పెట్టి కామా కొడితే, దాపరికం లేకుండా మాట్లాడుతున్నది నేను!

‘‘వీటికి చుట్టాలు?’’ అన్నారు సార్.

ప్రిజ్యూమబ్లీకి ‘కాబోలు’. ఫ్రాంక్‌లీకి ‘నిజం చెప్పాలంటే’. అపారెంట్‌లీ దగ్గర ఆగిపోయాను. సార్ నవ్వి, ‘‘అట’’ అన్నారు. వచ్చాడట, పోయాడట, తగ్గిందట. మన వ్యాకరణం దాన్ని క్రియావిశేషణాల్లో కలపదు. వాక్యం చివర క్రియకు అతుక్కుని బతికే రెండక్షరాలు. పని మాత్రం అదే. ‘ఇది నేను చూసింది కాదు, నాకు అందింది’ అని చెప్పడం.

నా వృత్తి అంతా ఆ రెండక్షరాల మీదే నడుస్తుందని అప్పుడు తట్టింది. డిప్లొమా క్లాసులో మొదట నేర్పింది అదే. ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘ఆరోపించారు’. ఇంగ్లిష్ వార్తల్లో రిపోర్టెడ్‌లీ, అలెజ్‌డ్‌లీ. కేసు తేలనివాణ్ని ‘దొంగ’ అనడానికి, ‘దొంగతనం చేశాడన్న ఆరోపణ ఉంది’ అనడానికి మధ్య ఒక మనిషి పరువుంటుంది. కానీ డెస్కులో జాగా చాలకపోతే మా కత్తెర ముందుగా పడేది వీటి మీదే. నేనూ కోశాను. వాక్యం బిగుతుగా వచ్చిందని మురిసిపోయాను కూడా. ఆ రోజు బాపుకు ఫోన్‌లో చెప్పిందీ అలాంటి బిగుతైన వాక్యమే.

కప్పు గట్టిగనే ఉంది!

ఆ ఆదివారం తిరిగి హైదరాబాద్ పోలేదు. వరంగల్‌లో దిగి, పరకాల మీదుగా భూపాలపల్లి బస్సెక్కాను. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాస్త చిక్కాడు. తప్పు నాదని అన్నాళ్లూ నోరు తెరిచి చెప్పలేదు. అప్పుడు చెప్పాను. మాటకు అర్థం తెలిసి కూడా తొందరలో తప్పు చదివానని.

బాపు కోప్పడలేదు. కాసేపాగి, ‘‘ఇంగ్లిష్ తప్పు పోతె పోయింది. నువ్వు ‘అట’ అనలేదు కద బిడ్డా’’ అన్నాడు. ‘‘తగ్గిందట అని ఉంటె, పిలగాడు కాగితం చూసి చెప్తున్నడు, ఎందుకైన మంచిది ఒకసారి పోయొద్దాం అనుకుందును. తగ్గింది అంటివి. నువ్వే చూసినట్టు.’’

తర్వాత గని సంగతి చెప్పాడు. బొగ్గు తీసే చోట మనుషుల్ని లోపలికి పంపే ముందు సర్దార్ పైకప్పును రాడ్‌తో తట్టి చూస్తాడు. ఖంగున మోగితే గట్టిది. డొల్లగా మోగితే పొర వదులైందన్నమాట. అక్కడ మనిషి ఉండొద్దు. ‘‘ఎట్లుందిరా అని అడిగితె, కప్పు గట్టిగ ఉంది అంటె పంపెటోణ్ని. గట్టిగనే ఉంది అంటె మాత్రం నేనే పోయి ఇంకోసారి తట్టెటోణ్ని. ఆ ‘నే’ అన్నడంటె వాని మనసుల ఎక్కడనో డొల్ల ఉన్నట్టు.’’

బీ2 మెట్టు, యూరప్ కొలమానం, పేవ్‌మెంట్ పుస్తకం, మానుకోట వరండా... ఇన్ని తిరిగి నేను నేర్చుకున్నదాన్ని మా బాపు భూమి లోపల చీకట్లో చెవితో నేర్చుకున్నాడు.

మందులు మొదలైన అయిదో నెలలో ఇంకో ఫొటో వచ్చింది. అదే చేతిరాత. ఈసారి పని పక్కన పెట్టి, బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని చదివాను. నీడ ‘లార్జ్‌లీ క్లియర్‌డ్’ అని ఉంది. లార్జ్ అంటే పెద్ద. లార్జ్‌లీ అంటే పెద్దగా కాదు. చాలావరకు అని. పుస్తకం తీసి ఒకసారి, సార్‌కు ఫోన్ చేసి ఒకసారి సరిచూసుకున్నాను. అప్పుడు బాపుకు కలిపాను.

‘‘బాపూ, నీడ చాలవరకు పోయిందట. మొత్తం అని రాయలేదు. ఇంకో నెల మందులు వాడాల్నట.’’

అవతల చిన్న నిశ్శబ్దం. తర్వాత అడిగాడు. ‘‘అంటె... గట్టిగనా, గట్టిగనేనా?’’

‘‘గట్టిగనే బాపూ.’’

‘‘అట్ల చెప్పు’’ అన్నాడు.

ఆ రోజు మా ఇంట్లో కోడికూర వండలేదు. మందుగోళీ వేసుకుని పడుకున్నాడట. అమ్మ చెప్పింది.