మా మీటరు, మామ్మగారి ఫ్యాను

అద్దె ఇల్లు మారేవాడికి సలహాలకేం కొదవ? వాస్తు చూసుకోమనేవాడొకడు, నీళ్ళు చూసుకోమనేవాడొకడు, ముందుగా ఇంటాయన మొహం చూసుకోమనేవాడు ఇంకొకడు. పాలు పొంగించడానికి మంచిరోజు చూసిపెట్టే పెద్దవాళ్ళు ఎలాగూ ఉంటారు. కానీ వీధిగుమ్మం పక్కన గోడమీద, సాలెగూళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటూ ఉండే కరెంటు మీటరుని చూసుకోమని చెప్పే పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ కనపడడు.

ఉద్యోగధర్మమా అని నేను ఏడు ఊళ్ళు తిరిగాను, తొమ్మిది ఇళ్ళు మారాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. కొత్త ఇంట్లో మొదట చెయ్యవలసిన పని మీటరు రీడింగు రాసుకోవడం. ఇప్పుడు ఫోనులో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. తరువాత పాత బిల్లు అడిగి పుచ్చుకుని, బాకీలేమైనా ఉన్నాయేమో చూడాలి. ఎందుకంటే కరెంటు బాకీ మనిషి వెంట పోదు, సర్వీసు నెంబరుని పట్టుకుని వేలాడుతుంది. వాడుకున్నవాడు మరో ఊళ్ళో హాయిగా ఫ్యాను కింద పడుకుంటాడు, ఫ్యూజు పీకడానికి మనిషి మన గుమ్మంలోకి వస్తాడు.

మన పేరిట సర్వీసు తీసుకోవచ్చుగా అంటారేమో. తీసుకోవచ్చు. 2003 నాటి విద్యుత్ చట్టం ఇంటి యజమానే అడగాలని అనలేదు, ఆ ఇంట్లో ఉంటున్నవాడు అడిగినా కనెక్షను ఇవ్వాలంది. ఎన్నాళ్ళలో ఇవ్వాలో 2020లో కేంద్రం నిబంధనలు చేసింది. 2024లో ఆ గడువుని ఇంకా తగ్గించి, మహానగరాల్లో 3 రోజులు, మునిసిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 అని పెట్టింది. అయినా అద్దెకున్నవాడు అంత దూరం వెళ్ళడు. పదకొండు నెలల ఒప్పందం మీద ఉండేవాడికి సొంత మీటరెందుకని ఇంటాయన అంటాడు, నిజమే గదా అని మనమూ అనుకుంటాం. అందుకే మన బిల్లులు ఇంటాయన పేరునో, ఇంటాయన తండ్రిగారి పేరునో వస్తుంటాయి. ఒక ఊళ్ళో నేను మూడేళ్ళపాటు నెల నెలా ఒక స్వర్గస్థుడి పేరున డబ్బు కట్టాను.

ఇక రాజమండ్రి ఇంటి సంగతికి వస్తాను. కిందివాటా మాది, పైన ఇంటాయన. పెరట్లో ఒక గది, దానికి వేరే గుమ్మం, వేరే పొయ్యి. అందులో ఇంటాయనకి పిన్ని వరసయ్యే ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు. ఎనభైకి దగ్గర పడ్డా మడీ తడీ, పత్రికా పఠనమూ ఏ ఒక్కటీ మానని మనిషి.

చేరిన రోజు సాయంత్రమే నేను నా అలవాటు ప్రకారం ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేశాను. ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి మీటరు దగ్గరికి వెళ్ళాను. మా చిన్నప్పటి మీటర్లలో రేకు చక్రం తిరిగేది. ఇప్పటివాటిలో ఎర్రదీపం మిణుకుమంటుంది. ఎన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్టో మీటరు మీదే అచ్చు వేసి ఉంటుంది. మాదాని మీద 3200 అని ఉంది. ఇంట్లో ఏదీ వాడనప్పుడు ఆ దీపం కదలకూడదు. మా దీపం మాత్రం పెళ్ళివారింటి సీరియలు బల్బులా కన్ను కొడుతూనే ఉంది!

"ఏమండీ, దెయ్యాలేమైనా ఇస్త్రీ చేసుకుంటున్నాయేమో" అంది మా ఆవిడ.

మర్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి వైర్లు పట్టుకుని వెతికితే మూడు దెయ్యాలు బయటపడ్డాయి. ఒకటి మేడమెట్ల మీది బల్బు. రెండోది రెండు వాటాలకీ ట్యాంకు నింపే మోటారు. మూడోది మామ్మగారి గది.

నేను కాగితం పెన్సిలు తీశాను. వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్టు. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు. ఆ మోటారు రోజుకి రెండు గంటలు తిరిగితే యూనిట్టున్నర, నెలకి సుమారు 45 యూనిట్లు. మామ్మగారి గదిలో పాతకాలపు 75 వాట్ల ఫ్యాను, 9 వాట్ల ఎల్.ఈ.డి. బల్బు. ఫ్యాను పది గంటలు, బల్బు ఆరు గంటలు వాడినా నెలకి 24 యూనిట్లు.

ఇంతేగదా అనుకోకండి. కరెంటు ధర కిరాణాకొట్టు ధరకి పూర్తిగా వ్యతిరేకం. కొట్లో ఎక్కువ కొంటే బేరం తగ్గుతుంది. ఇక్కడ ఎక్కువ వాడినకొద్దీ యూనిట్టు ధర మెట్లెక్కుతుంది. రెండిళ్ళు విడివిడిగా కింది మెట్టు మీద కూచునే చోట, ఒకే మీటరుకి కట్టేస్తే రెండూ కలిసి పైమెట్టు ఎక్కుతాయి. అంటే మామ్మగారి చవక యూనిట్లు మా బిల్లులో చేరేసరికి ఖరీదైన యూనిట్లయి కూచుంటున్నాయన్నమాట.

ఇంటాయనతో మర్యాదగానే చెప్పాను.

"ఏముందండీ, ఇదివరకటి వాళ్ళంతా అలాగే కట్టారు. ఎవరూ అడగలేదు" అన్నాడాయన.

"వాళ్ళు మీటరు చూడలేదేమోనండీ" అన్నాను.

రెండు ఆదివారాలు గడిచాక మోటారూ, మెట్ల బల్బూ ఆయన మీటరులోకి మారాయి. మామ్మగారి వైరు మాత్రం అలాగే ఉంచేశాం. ఆవిడ వాడేదెంత, పోనిద్దురూ అంది మా ఆవిడ. నాకూ అదే సబబనిపించింది. ఈ గొడవ ఆవిడ దాకా వెళ్ళిందని మాకు తెలీదు.

అది మే నెల. గోదావరి ఒడ్డున ఉన్నా రాజమండ్రి ఎండ గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ఒకరాత్రి పెరట్లోకి వెళ్ళిన మా ఆవిడ పరుగున వచ్చి నన్ను పిలిచింది. మామ్మగారు చీకట్లో గడపమీద కూచుని తాటాకు విసనకర్రతో విసురుకుంటున్నారు. గదిలో దీపం లేదు, ఫ్యాను లేదు.

"ఫ్యాను పాడైందా మామ్మగారూ?"

"లేదమ్మా, బాగానే ఉంది. అది మీ కరెంటుట గదా. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరి సొమ్ముతోనూ తిప్పుకున్నానన్నమాట. నాకెవరూ చెప్పలేదు."

మేమిద్దరం చెరో పక్కా నించుని బతిమాలాం. అది మాకొక లెక్కా అన్నాం, మీరు మా పెద్దవారన్నాం. ఆవిడ విసనకర్ర ఆపలేదు.

"లెక్క కాకపోవచ్చు నాయనా. కానీ మా ఆయన పెన్షను వస్తోంది నాకు. ఊరికే తింటున్నానని అనిపించుకోకుండా ఇంతకాలం గడిచింది. ఇప్పుడెందుకు?"

ఆ రాత్రి మా ఫ్యాను కింద మాకూ నిద్ర పట్టలేదు.

సబ్ మీటరొకటి కొని తగిలిస్తే సరిపోతుందన్నాడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు. అది మన మనలో లెక్క చూసుకునేందుకే తప్ప కరెంటాఫీసువాళ్ళకి దానితో పని లేదు. కానీ యూనిట్టుకి ఎంత పుచ్చుకోవాలి? మా పైమెట్టు ధర తీసుకుంటే ఆవిడకి అన్యాయం, కిందిమెట్టు ధర తీసుకుంటే మేము దయ తలచినట్టు. ఈ సంగతి చెప్పగానే మామ్మగారు మా బిల్లు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివారు.

"అయితే నాకే ఒక మీటరుంటే కిందిమెట్టు మీదే ఉంటానన్నమాట. నాకు ఇవ్వరా?"

ఎందుకివ్వరు? ఇంట్లో ఉంటున్నవారు అడిగినా ఇవ్వాలని చట్టం చెబుతున్నదే! వేరే గుమ్మం ఉంది, వేరే పొయ్యి ఉంది. ఇంటాయన కాస్త గునిశాడు. ఈ వయసులో ఆవిడకి మీటరేమిటన్నాడు. "వయసుని చూసి ఉక్కపోత మానదురా" అన్నారావిడ. దాంతో ఆయన సంతకం పెట్టేశాడు. దరఖాస్తు నేను నింపాను. డిపాజిట్టు ఆవిడ పెట్టె అడుగునించి తీసి నా చేతిలో లెక్కపెట్టారు. లైన్‌మన్ వచ్చి కొత్త మీటరు బిగించినరోజు అతనికి మజ్జిగిచ్చి, ఎర్రదీపం ఎప్పుడు మిణుకుమంటుందో, ఎందుకంటుందో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ సాయంత్రమే ఫ్యాను వేసుకున్నారు. పెరటివైపు కిటికీలోంచి ఆ పాత ఫ్యాను కిర్రుకిర్రుమనే చప్పుడు వినపడుతుంటే మా ఆవిడ మొహం విప్పారింది.

నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. 23 యూనిట్లు. నా లెక్కకి ఒకటి తక్కువ. పొదుపుగా వాడారు గాబోలు. మామ్మగారు ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఎంతైందో నేను చూసుకున్నానులే నాయనా. ఇదిగో, ఈ పైన ఉన్నది చదువు."

చదివాను. ఇంటిపేరుతో సహా ఆవిడ పేరే.

"ఇల్లు మావారి పేరునా రాలేదు, నా పేరునా రాలేదు. రేషను కార్డు తప్ప నా పేరు అచ్చులో చూసుకోవడం ఇదే" అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇంతకీ గడువు ఏ తారీఖుదాకా ఉంది? పదిహేనా? అయితే రేపే కట్టేసి రా. బాకీ ఉందనిపించుకోవడం నాకిష్టం లేదు" అన్నారు.