ముక్కూ మొహం తెలియని వాళ్ల ఉత్తరాలు

పోస్ట్‌క్రాసింగ్ గురించి మనవాళ్లలో చాలామందికి ఇంకా తెలీదు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో పోస్ట్‌కార్డులు ఇచ్చిపుచ్చుకునే ఈ వెబ్‌సైట్ 2005లో పోర్చుగల్‌లో మొదలైంది. మనం కార్డు పంపినవాళ్లే మనకు తిరిగి రాయాలని లేదు. మన కార్డు చేరిందని వాళ్లు నమోదు చేయగానే, ఇంకో దేశంలో ఇంకెవరికో మన అడ్రస్ వెళ్తుంది. ఈ పద్ధతే నాకు భలే ఇష్టం. బదులు ఆశించకుండా రాస్తాం కదా!

నిన్న ఫిన్లాండ్ నుంచి ఒకటొచ్చింది. నీలం సిరా, గుండ్రటి చేతిరాత, సగమే ముద్ర పడిన స్టాంపు. మనవరాలితో అడవికెళ్లి బ్లూబెర్రీలు ఏరుకొచ్చానని రాశారు ఒక పెద్దావిడ. ఎంత మామూలు కబురో! చదువుతుంటే మా అమ్మమ్మే గుర్తొచ్చింది.

ఇలాంటి కార్డుల కథ ఈనాటిది కాదు. 1869 అక్టోబర్ 1న ఆస్ట్రియా-హంగరీలో తొలి పోస్ట్‌కార్డు వచ్చింది. అందుకే ఆ రోజు ప్రపంచ పోస్ట్‌కార్డు దినోత్సవం. ఈసారి కొండపల్లి బొమ్మలున్న కార్డు మీద నాలుగు ముక్కలు మీరూ రాసి పంపండి.