ఫ్రీ షిప్పింగ్ ఖరీదు

మా నాన్న కారుకి స్టీరింగ్ ర్యాక్ పోయింది. చూడ్డానికి చిన్న వాక్యమే కానీ దీని వెనక అరవై వేల రూపాయల కథ ఉంది. నాలాగా ఇంకొకడు డబ్బులు తగలేసుకోకుండా ఉంటాడని రాస్తున్నాను.

2013లో కొన్న కారు అది, మా ఇంట్లో మొదటిది. నన్ను ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో దింపి రావడం, అక్క పెళ్ళికి శుభలేఖలు పంచడం.. అన్నీ దాంట్లోనే జరిగాయి. తయారుచేసిన కంపెనీ మాత్రం మధ్యలోనే ఇండియాలో దుకాణం సర్దేసింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు బయట దొరుకుతాయి కాబట్టి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాం. 2025 జూన్లో స్టీరింగ్ బిగుసుకుపోవడం మొదలైంది, కింద ఆయిల్ మరకలు. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్తే మెకానిక్ ఒక్క చూపు చూసి తేల్చేశాడు. "ర్యాక్ లోపల గీతలు పడిపోయినయ్ సార్. సీళ్ళు మార్చినా నెల తిరక్కుండా మళ్ళీ కారుద్ది. కొత్తది తెప్పించుకోండి, లేదంటే బండి అమ్మేసుకోండి."

"అమ్మేద్దాంలేరా" అన్నారు నాన్న. అని, ఆ సాయంత్రమే బకెట్టు నీళ్ళు తెచ్చుకుని గంటసేపు కారు కడిగారు. ఇంక నాకు విషయం అర్థమైపోయింది.

డల్లాస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే "ఇక్కడ సగం ధరకే దొరుకుతుంది, సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకొస్తా" అన్నాడు. మెకానిక్ నవ్వాడు. అమెరికాలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, ఆ ర్యాక్ మన బండికి పట్టదు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివిన నాకూ, బావకీ తట్టని సంగతి అది :) మనలా కుడివైపు స్టీరింగ్ ఉండే బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్లే వెతకాలి. సెకండ్ హ్యాండ్‌ది చవగ్గా వస్తుంది కదా అనుకున్నా కానీ, వాడేసిన భాగాలు దిగుమతి చేసుకోవాలంటే డీజీఎఫ్‌టీ అనుమతి కావాలి. ఇక మిగిలింది కొత్తది కొనడమే.

బ్రిటన్లో ఒకాయన దగ్గర దొరికింది. ఆయన రెండు ధరలు చెప్పాడు. మన రూపాయల్లో చెప్పాలంటే, ర్యాక్ 24,000, ఎయిర్ కొరియర్ 14,000 విడిగా. లేదా మొత్తం 38,000, షిప్పింగ్ ఫ్రీ. కొరియర్ ఎందుకంత అంటే, వాళ్ళు బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5,000తో భాగిస్తారు. 120, 25, 20 పెట్టె అయితే 12 కిలోల కింద లెక్క, లోపల దూది ఉన్నా సరే. ఎటు తిప్పినా 38,000 కదా అని నేను "ఫ్రీ" అన్నదానికే నొక్కాను.

ఆగస్టు మొదటి వారంలో సరుకు వచ్చింది, దాంతోపాటే డ్యూటీ కట్టమని మెసేజీ. 8708 శీర్షిక కింద, అంటే వాహనాల విడిభాగాల కింద వేశారు. లెక్క ఇదీ:

సరుకు విలువ 38,000.
బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 15 శాతం: 5,700.
ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జీ: 570.
ఈ మూడూ కలిపిన 44,270 మీద ఐజీఎస్టీ 28 శాతం: 12,396.
మొత్తం డ్యూటీ 18,666.

అంటే 49.12 శాతం. పన్ను మీద సర్‌చార్జీ, ఆ రెండిటి మీదా మళ్ళీ పన్ను. దీనికితోడు కొరియర్ వాళ్ళ క్లియరెన్స్ చార్జీ జీఎస్టీతో కలిపి 1,770. కార్డు బ్యాంకు వాడి ఫారెక్స్ చార్జీ, దాని మీద జీఎస్టీ కలిపి 1,569. అన్నీ కూడితే 60,005 రూపాయలు.

నాన్నకి మాత్రం "పదిహేను వేలయింది" అని చెప్పాను.

దీపావళికి ఇంటికెళ్ళాను. కారు శుభ్రంగా తిరుగుతోంది. భోజనాలయ్యాక నాన్న ఒక కాగితం తెచ్చి ముందు పెట్టారు. కొరియర్ వాడి డ్యూటీ బిల్లు, పెట్టెకే అంటించి ఉందట! ఆయన కోఆపరేటివ్ బ్యాంకులో అకౌంటెంటుగా చేసి రిటైరయ్యారు. ప్రతి అంకె పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కులున్నాయి.

"అబద్ధం సంగతి తర్వాత మాట్లాడదాం. ముందిది చెప్పు. ఇందులో కిరాయి ఎంత, సరుకెంత?"

"షిప్పింగ్ ఫ్రీ నాన్నా."

"ఫ్రీ అయితే దాని మీద పన్నెందుకు కట్టావురా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్, 2007 తీసి చదివాను. పదో రూల్లో ఉంది. విమానంలో వచ్చిన సరుకుకి కిరాయి ఎంతైనా సరే, విలువలో కలిపేది సరుకు ధరలో 20 శాతం దాటకూడదు. బీమా ఎంతో తెలియకపోతే 1.125 శాతం. అంటే నేను బిల్లులో కిరాయి విడిగా చూపించమని ఉంటే, విలువ 24,000కి 4,800, ఇంకో 270 కలిపి 29,070 అయ్యేది. డ్యూటీ 14,279. ఆ "ఫ్రీ" అన్న ముక్కకి నేను 4,387 రూపాయలు కట్టానన్నమాట. కస్టమ్స్ వాళ్ళని నెలల తరబడి తిట్టుకున్నాను. తీరా చూస్తే నాలాంటి వాడి కోసమే వాళ్ళ పుస్తకంలో ఒక వెసులుబాటు ఉంది, నేనే చదవలేదు. ఆఫీసులో మాత్రం "డాక్యుమెంటేషన్ చదవకుండా కోడ్ రాస్తారేంటి" అని జూనియర్లకి క్లాసులు పీకుతుంటాను.

పుండు మీద కారం ఏంటంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించారు. దాంతో మొత్తం 49.12 కాస్తా 37.47 అయింది. ఏడు వారాలు ఆగి, కిరాయి విడిగా చూపించుకుని ఉంటే 18,666 బదులు 10,893తో పోయేది.

నా తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. 2018 బడ్జెట్లో చాలా విడిభాగాల మీద బేసిక్ డ్యూటీని 15 శాతానికి పెంచారు. ఇక్కడ తయారుచేసే వాళ్ళకి రక్షణ అన్నారు. క్లచ్ ప్లేట్లకీ, రేడియేటర్లకీ అది సబబే. చెన్నైలో, పుణెలో వాటిని చేసే వాళ్ళున్నారు, వాళ్ళ ఉద్యోగాలున్నాయి. కానీ మా ర్యాక్‌ని ఈ దేశంలో ఎవరూ చెయ్యట్లేదు. మరి నేను కట్టిన 5,700 ఎవర్ని కాపాడింది? కంపెనీలు తెప్పించుకుంటే ఐజీఎస్టీని క్రెడిట్‌గా తీసుకుంటాయి. మనలాంటి వాళ్ళకి అదీ లేదు. మనం రాసే కోడ్ విదేశాలకి పోతే జీఎస్టీలో జీరో రేటెడ్ అని హాయిగా ఉన్నాం కాబట్టి, సరుకు ఎదురొచ్చినప్పుడు ఎలా ఉంటుందో నాకు ఇప్పుడే తెలిసింది. కంపెనీ వెళ్ళిపోయినా దాని కార్లు రోడ్డు మీదే ఉన్నాయి. ఇక్కడ దొరకని భాగాలకైనా బేసిక్ డ్యూటీ ఎత్తేస్తే, ఇంకా నడిచే బండి తుక్కుకి పోకుండా ఉంటుంది కదా?

బయల్దేరే ముందు నాన్న ఒక కవరు ఇచ్చారు. లోపల పదిహేను వేలున్నాయి.

"నువ్వు చెప్పిన లెక్క ఇదేగా. మిగతాది నీ చదువు ఫీజు అనుకో" అన్నారు. అని, స్టేషన్‌కి ఆయనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకొచ్చారు. స్టీరింగ్ వేలితో తిరుగుతోంది.