గాలిలో తెరచిన తలుపు

2008 జూలై 26 సాయంకాలం అహమ్మదాబాదు నగరంలో బాంబులు వరుసగా పేలి 56 మంది మరణించారు. మొదటి పేలుడుకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈ-మెయిల్ చేరింది. దాని జాడ పట్టుకొని పోలీసులు నవీ ముంబయిలోని ఒక ఇంటి తలుపు తట్టారు. ఆ లేఖ అక్కడ నివసిస్తున్న ఒక విదేశీయుని ఇంటర్నెట్ కనెక్షన్ నుండి వెళ్ళిందని లెక్కలు చెప్పాయి. ఆ మనిషికి ఆ సంగతే తెలియదు. ఆయన ఇంటి వైఫైకి తగిన కాపలా లేదు. ఎవరో సమీపానికి వచ్చి, గడప తొక్కకుండానే, దానిని వాడుకొని వెళ్ళిపోయారు. కంప్యూటర్లు పరీక్షకు వెళ్ళాయి. ప్రశ్నల మీద ప్రశ్నలు ఎదురయ్యాయి. కుట్రతో ఆయనకు ప్రమేయం లేదన్న మాట చివరకు వెలువడింది గాని, ఆనాడే వెలువడలేదు.

తరువాతి వారాలలో ఇదే తంతు మళ్ళీ జరిగింది. గుజరాత్‌లో ఒక వైద్య కళాశాల, ముంబయిలో మరొక కళాశాల, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ళ నాడు చెంబూరులోని ఒక వ్యాపార సంస్థ... ప్రతిసారీ వేరొకరి వైఫై, వేరొకరి పేరు. 2009 జనవరిలో ముంబయి పోలీసులు వీధులలో తిరిగి కాపలా లేని వైఫైలను కనిపెడతామని ప్రకటించారు. ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ ఇంటర్నెట్ సంస్థలకు ఈ విషయమై ఆదేశాలు పంపింది.

పొరుగింటి రేడియోలో వచ్చే పాటను అరుగు మీద కూర్చుని వింటే పొరుగువానికి పోయేదేమీ లేదు. వైఫై అటువంటిది కాదు. అది వినడానికే గాక మాట్లాడడానికి కూడా అవకాశమిస్తుంది, అదీ ఇంటి యజమాని పేరిట. తీగకు ఒక మొదలూ ఒక చివరా ఉంటాయి. తరంగానికి గోడ అడ్డు కాదు, ప్రహరీ అంతకన్నా కాదు.

ఈ కథకు మొదలు నూరేళ్ళ వెనుక ఉంది. 1903 జూన్ 4న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆచార్య ఫ్లెమింగ్ ఉపన్యసిస్తున్నాడు. దూరాన కారన్‌వాల్ తీరంలోని పోల్డూ నుండి మార్కోనీ పంపే నిస్తంత్రీ సందేశం సభకు అందవలసి ఉంది. తన యంత్రాలను ప్రత్యేక తరంగానికి జతపరచగలననీ, ఆ సందేశాలను పరులు అందుకోలేరనీ మార్కోనీ అప్పటికే చెప్పి ఉన్నాడు. అసలు సందేశం రాకముందే పరికరం టకటకలాడింది. ‘ఎలుకలు’ అన్న ఒక్క మాట పదేపదే వచ్చింది. వెనువెంటనే మార్కోనీని వెక్కిరించే పద్యమొకటి. పంపినవాడు నెవిల్ మాస్కెలిన్, వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. ఇది రౌడీతనమని ఫ్లెమింగ్ టైమ్స్ పత్రికకు రాశాడు. మాస్కెలిన్ తన పనిని దాచలేదు. ప్రజలకు చెప్పిన రహస్యం ఏపాటిదో పరీక్షించి చూపానని బదులిచ్చాడు. మర్యాద సంగతి ఎలా ఉన్నా, పరీక్ష ఫలితం మాత్రం ఇంద్రజాలికుని పక్షాన నిలిచింది.

తరువాతి శతాబ్దంలో వచ్చిన తాళాల చరిత్ర కూడా ఇంచుమించు ఇంతే. 1997లో వైఫై ప్రమాణంతో పాటు పుట్టిన తొలి తాళం పేరు వెప్. ప్రతి సందేశపు ముక్కకూ అది ఒక కొత్త సంఖ్యను జోడిస్తుంది. ఆ సంఖ్యలు మొత్తం 1,67,77,216 మాత్రమే. వినడానికి పెద్ద లెక్కే గాని, రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లో అవి త్వరలోనే తిరిగి రాక తప్పదు. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిలోని మూలలోపాన్ని బయటపెట్టారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని ఒక్క నిమిషంలోపే ఛేదించవచ్చునని చూపారు. అంటే 2008 నాటికి ఈ తాళం వేసికొని నిశ్చింతగా నిద్రించిన గృహస్థు, తలుపు బార్లా తెరచిన పొరుగువానికన్నా పెద్ద సురక్షితుడేమీ కాడు.

2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అంత బలహీనం కాదు. దాని బలమంతా పాస్‌వర్డ్‌లో ఉంది. ఫోను రౌటర్‌తో చేతులు కలిపే క్షణాన గాలిలో వెళ్ళే నాలుగు సందేశాలను పట్టుకొన్నవాడు, ఇంటికి పోయి తీరికగా ఊహలు సాగించవచ్చు. ఇక్కడనే భారతీయ గృహస్థుని అలవాటొకటి కొంప ముంచుతుంది. పాస్‌వర్డ్ అడిగితే చాలామంది సెల్‌ఫోను నంబరు పెట్టేస్తారు. 6, 7, 8, 9 అంకెలతో మొదలయ్యే పదంకెల నంబర్లు 400 కోట్లు. సెకనుకు 4 లక్షల ఊహలను సరిచూసే గ్రాఫిక్స్ కార్డు బజారులో దొరుకుతుంది. లెక్క వేస్తే 10,000 సెకన్లు, మూడు గంటలైనా నిండవు. యజమాని నంబరు వీధి బోర్డు మీదనే ఉంటే ఆ శ్రమా అక్కర లేదు.

ఇటువంటి పరీక్షలు జరిపే సాధనాలు ఉచితంగానే లభిస్తాయి. చుట్టుపక్కల నెట్‌వర్క్‌లను మౌనంగా లెక్కించే కిస్మెట్ ఒకటి. పేరుకు విధి అని అర్థం, పెట్టినవాడు చమత్కారి. సందేశాలను విప్పి చూపేది వైర్‌షార్క్, తాళం బలాన్ని తూచేది ఎయిర్‌క్రాక్. తాళాలు బాగుచేసేవాని సంచిలోనూ దొంగ సంచిలోనూ ఒకే కడ్డీ ఉన్నట్లే, ఇవీ ఇద్దరికీ పనికివస్తాయి. వీటిని నిషేధించాలనడం తెలివి కాదు; నిషేధిస్తే విడిచిపెట్టేది పరీక్షకుడే. భేదమల్లా అనుమతిలో ఉంది. యజమాని అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లో దురుద్దేశంతో చొరబడితే సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు ఖైదు గాని, 5 లక్షల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. సొంత ఇంటి తాళాన్ని సొంతంగా పరీక్షించుకొనేవారిని ఏ చట్టమూ అడ్డదు. విచిత్రమేమంటే, ఆ పని చేసేవారే అరుదు. రౌటర్ బిగించిన కుర్రవాడు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ళ తరబడి కొనసాగుతుంది.

2018లో వెలువడిన డబ్ల్యూపీఏ3లో ఇంటికి పోయి ఊహించే వీలు లేదు; ప్రతి ఊహకూ రౌటర్‌ను స్వయంగా కదిలించాలి. అయితే ఇంట్లో తాతగారి పాత ఫోను ఒక్కటి ఉన్నా చాలు, దానికి కొత్త భాష రాదు. దానికోసం రౌటర్‌లో పాత పద్ధతినీ కొత్తదానితో పాటే నడవనిస్తున్నారు. వీధిలో నిలబడినవాడు తట్టేది ఆ పాత తలుపునే.