దిక్కు చూపే మొక్క

అమెరికా మధ్యప్రాంతపు ప్రెయిరీని మా అనువాదకులం 'పచ్చికబయలు' అంటాము. పశువులు మేసే చోటన్న భావమైతే కలుగుతుంది గాని, మనిషిని మించిన ఎత్తున పూచే మొక్కలు ఆ మాటలో ఇమడవు.

విస్కాన్సిన్‌లో ఉంటున్న మా చెల్లెలు నాలుగేళ్ళ క్రితం అటువంటి మొక్కనొకదానిని పెరట్లో పెంచసాగింది. ఇంగ్లీషు పేరుకు అర్థం దిక్సూచి మొక్క. శాస్త్రనామం సిల్ఫియం లాసినియేటమ్. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకుండా ఆకులు నిలువుగా నిలిచి, అంచులను ఉత్తర దక్షిణాలకు త్రిప్పుకొంటాయి. 1847లో లాంగ్‌ఫెలో 'ఇవాంజెలిన్' కావ్యంలో దీనిని సుకుమారమైనదన్నాడు. తరువాతి ముద్రణలలో ఆ విశేషణం బలిష్ఠమైనదిగా మారింది. మారక తప్పదు మరి! పది అడుగుల వరకు పెరిగే కాండం, ఒళ్ళంతా గరుకు నూగు, గీరితే జిగురు.

పచ్చని పువ్వును చూచి పొద్దుతిరుగుడు అనుకొనేవారే ఎక్కువ. పొద్దుతిరుగుడులో గింజలు నడిమి బొడ్డులో పడతాయి. చుట్టూ ఉన్న రేకులు గొడ్డువి. ఇక్కడ అంతా తలక్రిందులు. గింజ కట్టేది రేకుల మొదళ్ళలో. పువ్వు లేనప్పుడు ఆకును చూడాలి. లోతుగా చీలి పక్షి ఈకను తలపిస్తుంది. దీని దాయాది ఒకదానికి ఆకు చీలదు. మరొకదాని ఆకులు జంటలుగా కాండాన్ని చుట్టి, దొప్పవలె వాననీరు పట్టుకొంటాయి.

చెల్లెలు విత్తనాలను తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచింది, శీతాకాలం గడిచిందని వాటిని నమ్మించడానికి. మొలిచిన తరువాత బలమంతా వేరుకే పోతుంది. ఆ వేరు పదిహేను అడుగుల లోతుకు దిగగలదు. ఒక మొక్కను త్రవ్వబోతే చిలగడదుంపవంటి వేరు ఎంతకూ తెమలలేదనీ, విత్తి పెంచినవి అయిదేళ్ళకైనా పూయలేదనీ ఆల్డో లియోపోల్డ్ వ్రాశాడు. ఆ మాటలున్న 'సాండ్ కౌంటీ ఆల్మనాక్' ఆయన మరణానంతరం 1949లో వెలువడింది.

ఇప్పుడు మా మరిదికి ఉద్యోగం మారింది. వాళ్ళు టెక్సాస్‌కు తరలిపోతున్నారు, ఇల్లు అమ్ముడయింది. మొక్క ఇంకా పూయలేదు. పూయనిదే గింజ లేదు, పెకలిస్తే వేరు తెగుతుంది. "అక్కా, కొన్నవాళ్ళు కలుపు అనుకొని గడ్డితోపాటు కోసేస్తారేమో" అన్నది ఫోనులో. నూరేళ్ళ వరకు బ్రతకగల మొక్క అది.

ప్రక్కన ఒక చెక్క పలక పాతుతుందట. దానిమీద ఏమి వ్రాయాలో నన్నే చెప్పమన్నది. పేరు, విత్తిన సంవత్సరం, 'ఇది కలుపు కాదు, దయచేసి పూయనివ్వండి' అన్న అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం వ్రాసి పంపాను. విశేషణాలేవీ వేయలేదు.

నిన్న ఫోటో వచ్చింది. పలక కాస్త ఒరిగింది. ఆకులు మాత్రం నిటారుగా ఉన్నాయి. ఉత్తరం ఆమె వంటింటి వైపు.