ఇరవై రూపాయలు మింగిన బైటు

సి లో నాలుగు రోజులు పనిచేసిన వాళ్ళెవరికైనా "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అన్న మాట చూస్తే ఒళ్ళు మండుతుంది. నాకూ మండేది. ఇప్పుడు మాత్రం అది కనబడితే ఓ దణ్ణం పెట్టుకుంటాను. ఎందుకో చెప్తా.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఓ పరపతి సంఘానికి మా కంపెనీ ఎప్పుడో రాసిచ్చిన సి ప్రోగ్రాము నా నెత్తిన పడింది. ఓ రోజు అక్కణ్ణుంచి ఫిర్యాదు. ఒకావిడ పాసుపుస్తకంలో 1300 రూపాయలుంటే కంప్యూటర్లో 1280 చూపిస్తోంది. ఇంకొకరికి 2000 బదులు 1792. నా మెషీన్లో నడిపి చూశాను. క్రాషవ్వలేదు, ఎర్రర్ రాలేదు. "ప్రోగ్రాము సరిగ్గానే ఉంది, డేటా ఎంట్రీ పొరపాటు అయ్యుంటుంది" అని జవాబు రాసి పడేశా. ఆ ఒక్క వాక్యంతో అక్కడి గుమాస్తాగారు దొంగయ్యారు. తేడా డబ్బులు ఆయనే జేబులోంచి కట్టారని నెల తర్వాత తెలిసింది.

అప్పుడు కూర్చుని కోడ్ చదివాను. రికార్డులో పేరుకి 32 బైట్లు, దాన్ని ఆనుకునే నిల్వ. ముందు నిల్వ నింపి, ఆ తర్వాత పేరు కాపీ చేస్తున్నారు. ఎంట్రీ స్క్రీను సరిగ్గా 32 ఇంగ్లీషు అక్షరాల దాకా తీసుకుంటుంది. ఇంటిపేరు, సొంతపేరు, భర్త పేరు కలిపి రాసే మనవాళ్ళకి 32 నిండటం ఎంతసేపు? నిండాక, స్ట్రింగు చివర పెట్టే సున్నా 33వ బైటులో, అంటే నిల్వ తాలూకు మొదటి బైటులో పడుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో అన్నిటికంటే చిన్న విలువ ఉండేది ఆ బైటులోనే. 1300 అంటే అయిదు 256లు, పైన 20. ఆ 20 సున్నా అయిపోయింది. 2000 లో అలాగే 208 పోయింది.

మరి ఆపరేటింగ్ సిస్టం ఏం చేస్తోందంటారా? మెమరీకి కాపలా బైటు లెక్కన ఉండదు, పేజీ లెక్కన ఉంటుంది. పేజీ అంటే మామూలుగా 4096 బైట్లు. మనది కాని పేజీ ముట్టుకుంటేనే ప్రాసెసర్ కేకేస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పరాయివాణ్ణి గేటు దగ్గర ఆపుతాడు గానీ, మన వంటింట్లో మనమే పంచదార డబ్బాలో ఉప్పు పోసుకుంటే పరిగెత్తుకు రాడు కదా! వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్ లాంటివి కూడా ఒకే స్ట్రక్చర్లో ఒక ఫీల్డు పక్క ఫీల్డులోకి ఒలికితే మామూలుగా పట్టుకోవు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి హద్దు దాటి మెమరీ చదివింది. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెరలతో కూలబడ్డాయి, విమానాలు ఆగాయి. గంటల్లో ప్రపంచమంతా తెలిసిపోయింది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ లోని హార్ట్‌బ్లీడ్ కూడా హద్దు దాటి చదవడమే. 2012లో విడుదలైన వెర్షన్లో చేరి, 2014 ఏప్రిల్లో బయటపడేదాకా, అడిగినవాడికి అడిగినప్పుడల్లా 64 కేబీ దాకా మెమరీ చేతిలో పెట్టింది. సర్వర్లు మాత్రం చక్కగా నడుస్తూనే ఉన్నాయి. నాకు రెండోదే ఎక్కువ భయం.

ప్యాచ్‌తో పాటు "తప్పు మాది, గుమాస్తాగారిది కాదు" అని సంఘానికి ఉత్తరం కూడా పంపాను. మా మేనేజరుగారు "ప్యాచ్ చాలుగా, ఇదంతా ఎందుకు?" అన్నారు. అయినా పంపాను. గుమాస్తాగారు ఫోన్ చేసి "పోన్లెండి బాబూ, ఇప్పటికైనా చెప్పారు" అన్నారు.

నాలుగు తిట్టినా బాగుండేది.