బంజరని పేరు

ఎడారి యనగానే ఇసుకతిన్నెలును ఒంటెలును మనకు స్ఫురించును. పాకిస్థాను సరిహద్దు నానుకొనియున్న జైసల్మేరు సీమలో మేమొక శీతకాలమున కొన్ని దినములు తిరిగితిమి. తిన్నెలు లేకపోలేదు, కాని వానికంటె విరివిగా కనుపించినది సేవణ్ అను గడ్డి. కుదుళ్లు కుదుళ్లుగా పెరుగు నా గడ్డిలో మిడుతలు, తొండలు. మీద గ్రద్దలు, రాబందులు. మధ్యాసియానుండి చలికి వెఱచి వచ్చిన యతిథి పక్షులు వేఱు. ఫలోదీచెంత ఖీచన్ గ్రామమున వేలకొలది కుర్జాలు, అనగా చిన్నజాతి సారసములు, ఏటేట దిగును. అచ్చటి జైనులు వానికి తరతరములుగా గింజలు చల్లుచున్నారు.

ఆ సీమకు రాణివంటిది బట్టమేకపక్షి. అచ్చటివారు గోడావణ్ అందురు, రాజస్థానమునకు రాష్ట్రపక్షి. నిలుచున్నచో మీటరెత్తు, మగపక్షి 15 కిలోల వఱకు తూగును. సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డు, అదియు వట్టి నేలమీద. ఇపుడు లోకమునందెల్ల 200కు లోపే మిగిలినవని యంచనా. వానిలో పెక్కు లీ సీమలోనివే.

ఈ పక్షికి శత్రువు వేటగాడొక్కడే కాడు. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. చుట్టును చూడగలదు గాని, ఎదుట నున్న సన్నని తీగను గుర్తింపజాలదు. గుర్తించినను ఆ బరువుతో తటాలున మరలలేదు. ఎడారి జాతీయవన ప్రాంతమున 4,200 చదరపు కిలోమీటర్లలో విద్యుత్తీగలవలన ఏటికి సుమారు 84,000 పక్షులు, అన్నిజాతులవి కలిపి, చచ్చుచున్నవని భారత వన్యప్రాణి సంస్థవారు లెక్కగట్టిరి.

బొగ్గుపొగ లేని విద్యుత్తు వలదని మేమనజాలము. మా యింట వెలుగు దీపమునకు అట్టి విద్యుత్తే కావలెనని కోరువారలము. కాని ఆ సూర్యఫలకములకు చోటెట్లు దొరికినది? అచ్చట ఓరణ్ అను దేవుని బయళ్లు గలవు. వానిలో పచ్చనిచెట్టు కొట్టరు. సర్కారు దస్త్రములలో మాత్రము వానిలో పెక్కు బంజరులే. మాకు దారిచూపిన ముదుసలి గొల్లవాడు ఆ మాట విని నవ్వి, “మా మేకలు దినమెల్ల తినునది బంజరా, బాబూజీ?” అనెను. మేమేమని బదులు చెప్పుదుము?

మన కర్నూలు సీమయందును ఇదే కథ. రోళ్లపాడు గడ్డిబయళ్లను 1988లో ఈ పక్షికొఱకే అభయారణ్యముగా ప్రకటించిరి. చుట్టుపట్ల సేద్యపు నీరు వచ్చినది, పైరులు మాఱినవి, గడ్డినేలలు తఱిగినవి. ఆ నీరు రైతునకు అన్నము పెట్టినది, దానిని నిందింపరాదు. అయినను ఏండ్లుగా అచ్చట బట్టమేక కానరాదు. అడవి నఱికినచో నలుగురు కేకలు వేయుదురు. గడ్డి దున్నినచో అభివృద్ధి యందురు.

2021 ఏప్రిలులో సుప్రీముకోర్టు తీగలను భూమిలో పాతవలెనని ఉత్తరువిచ్చి, 2024 మార్చిలో దానిని సడలించి, నిపుణుల సంఘమునకు విషయము నప్పగించెను. ఇంతలో శాస్త్రజ్ఞులు ఊరకుండలేదు. 2019లో సమ్ గ్రామమున పెంపక కేంద్రము వెలసి, బయలునుండి తెచ్చిన గ్రుడ్లను యంత్రములలో పొదిగించినది. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ వలనను ఒక పిల్ల పుట్టెను. పంజరములలో పిల్లలు పెరుగుచున్నవి. వానిని విడుచుటకు తీగలులేని గడ్డినేల యెంత మిగులునో, అది దస్త్రములలో ఏ పేరిట వ్రాయబడునో చూడవలసియున్నది.